నెలలు నిండియు నొప్పులు రానప్పుడు

ఒక యింట కాన్పు దగ్గరపడినదనగా ఆ వీధిలోని పెద్ద ముత్తైదువలందరును దినములు లెక్కించుచుందురు. చెప్పిన దినము గడచిపోయినచో, “తొలిచూలు గదా, నాలుగు దినములు అటునిటు కాకమానదు” అని కొందరందురు. “అమావాస్య దాటనిండు, తరువాత చూతము” అని మరికొందరందురు. ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. కాని నాలుగు దినములు కాస్తా పదునాలుగు దినములైనచో ఏమి చేయవలెను? ఎవరిని అడుగవలెను? ఆసుపత్రిలో ఏమి చేయుదురు? ఇంటిలో ఏమి చేయరాదు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసియుండుట గ్రామపెద్దలకు ఎంతయు అవసరము.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుమార్గముపై నున్న మూడు పట్టణములు. పూర్వము అనంతపురము జిల్లాలోనివైన ఈ ప్రాంతములు 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ధర్మవరమున మగ్గముల యొద్దను, హిందూపురము చుట్టుపట్ల పట్టుపురుగుల పెంపకమందును, పల్లెలలో వేరుశనగ చేలయందును మన స్త్రీలు నెలలు నిండువరకును పని మానరు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రులలోనే జరిగినవి. కావున కాన్పు ఇంటిలోనా, ఆసుపత్రిలోనా అను వివాదము నేడు చాలవరకు తీరినది. సరియైన సమయమునకు, సరియైన లెక్కతో ఆసుపత్రి చేరుట మాత్రము ఇంకను అన్ని యిండ్లలో జరుగుటలేదు.

లెక్క ఎట్లు వేయవలెను?

కడపటిసారి బహిష్టయిన మొదటి దినమునుండి 280 దినములు, అనగా 40 వారములు గడచిన దినమును కాన్పు తేదీగా వైద్యులు నిర్ణయింతురు. ఆ దినమునకు తొమ్మిది నెలల ఏడు దినములు కలిపినచో ఈ తేదీ వచ్చును. ఉదాహరణమునకు, ఒక స్త్రీ సంక్రాంతి పండుగనాడు, జనవరి 14న బహిష్టయినదనుకొందము. ఆమె కాన్పు తేదీ అక్టోబరు 21. అక్టోబరు 28 నాటికి 41 వారములు, నవంబరు 4 నాటికి 42 వారములు నిండును. సరిగా చెప్పిన తేదీనాడే ప్రసవించువారు నూటికి నలుగురైదుగురు మాత్రమే. కావున ఆ దినము దాటినంత మాత్రమున కలత చెందనక్కరలేదు.

చిక్కంతయు మన నెలల లెక్కతో వచ్చుచున్నది. అమావాస్యనుండి అమావాస్య వరకు లెక్కించిన మాసము సుమారు ఇరువది తొమ్మిదిన్నర దినములే. అట్టి తొమ్మిది మాసములు 38 వారములకు చేరును. పది మాసములు 295 దినములై, 42 వారములను దాటును. “తొమ్మిది నిండినవి” అనువారికిని, “పది నిండనిండు” అనువారికిని నడుమ నాలుగు వారముల తేడా కలదు. తల్లికిని బిడ్డకును ఈ నాలుగు వారములే కీలకమైనవి. అందుచే నెల తప్పిన వెంటనే పేరు నమోదు చేయించి, బహిష్టయిన తేదీని మాతా శిశు సంరక్షణ కార్డులో వ్రాయించవలెను. తేదీ జ్ఞాపకము లేనివారికి పండుగలు, సంతలు, జాతరలు గుర్తుచేసి అడిగినచో తరచుగా జ్ఞప్తికి వచ్చును. మొదటి మూడు నెలలలో తీయించిన స్కానింగు వలన లెక్క మరింత నిశ్చయమగును. నెలలు నిండిన పిదప తీసిన స్కానింగు ఈ విషయమున అంతగా ఉపకరింపదు.

దినములు మీరినచో భయమేమి?

గర్భమందలి బిడ్డకు ఆహారమును, ప్రాణవాయువును మాయ ద్వారా అందుచుండును. 41 వారములు దాటిన పిదప కొందరిలో మాయ పనితనము క్షీణించును, ఉమ్మనీరు తగ్గును. బిడ్డ లోపలనే మలవిసర్జనము చేసి, ఆ నీటిని పీల్చుటయు కలదు. బిడ్డ మిక్కిలి పెరిగినచో కాన్పు కష్టమగును. బిడ్డ కడుపులోనే మరణించు ప్రమాదము మొత్తముమీద స్వల్పమే యైనను, 41 వారముల తరువాత దినదినమునకు పెరుగుచుండును. ఈ కారణముచే 41 వారములు నిండినట్లు నిశ్చయముగా తెలిసిన స్త్రీలకు నొప్పులు తెప్పించు ఏర్పాటు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సిఫారసు చేసెను. 42 వారముల వరకు ఊరక వేచియుండుట క్షేమము కాదు.

పొర సడలించుట యనగా నేమి?

మందులతో నొప్పులు తెప్పించుటకు ముందు ప్రయత్నింపదగిన సులభోపాయ మొకటి కలదు. దానిని వైద్యులు ‘మెంబ్రేన్ స్వీప్’ అందురు. మన మాటలో ఉమ్మనీటి సంచి పొరను సడలించుట యనవచ్చును. ఇది క్రొత్తది కాదు. స్కాట్లాండు దేశమందలి ఎడింబరో నగర ప్రసూతి వైద్యుడు జేమ్స్ హామిల్టన్ 1810లోనే దీనిని వర్ణించెను.

బిడ్డ ఉమ్మనీటి సంచిలో నుండును. ఆ సంచి పొర గర్భాశయపు అడుగుభాగమును అంటియుండును. వైద్యురాలు గాని, శిక్షణ పొందిన ప్రసూతి నర్సు గాని శుభ్రమైన చేతితొడుగు ధరించి, మామూలు లోపరీక్ష చేయునట్లే చేయుచు, గర్భాశయ ముఖద్వారములో వ్రేలు చొప్పించి చుట్టును త్రిప్పును. అందువలన పొర గోడనుండి కొంత వదులగును. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు అచ్చటనే సహజముగా ఊరి, ముఖద్వారమును మెత్తబరచి, నొప్పులకు దారితీయును. ఈ పదార్థములపై పరిశోధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1982లో నోబెల్ బహుమానము లభించినది. ముఖద్వారము ఇంకను మూసియుండి వ్రేలు పోనిచో, దాని చుట్టును మెల్లగా మర్దించుటయు కలదు.

ఈ పని రెండు మూడు నిమిషములలో ముగియును. మందు లేదు, సూది లేదు, మత్తు లేదు. అన్నియు సక్రమముగా నున్నచో నాడే ఇంటికి పోవచ్చును. అయితే చేయునపుడు అసౌకర్యము, కొందరికి నొప్పియు కలుగును. తరువాత ఒకటి రెండు దినములు కొద్దిపాటి రక్తపు చారలు కనబడుట, కడుపులో క్రమములేని నొప్పులు వచ్చుట సహజము. రక్తము ధారగా పోయినను, ఉమ్మనీరు పోయినను, బిడ్డ కదలిక తగ్గినను తడవు చేయక ఆసుపత్రికి పోవలెను.

ఫలితమెంత?

దీనిని గూర్చి అనేక దేశములలో జరిగిన 44 ప్రయోగములను, సుమారు 7,000 మంది స్త్రీల వివరములను ‘కోక్రేన్’ పరిశోధక సంఘము 2020లో సమీక్షించెను. పొర సడలించని స్త్రీలలో నూటికి సుమారు 60 మందికి నొప్పులు తమంతట తామే రాగా, సడలించినవారిలో 72 మందికి వచ్చినవి. మందులతో నొప్పులు తెప్పించవలసిన అవసరము నూటికి 31 నుండి 23కు తగ్గినది. కాని శస్త్రచికిత్స కాన్పులలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఈ విధానము మేలు చేయునది గాని మంత్రము కాదని ఈ లెక్కవలన తేలుచున్నది. ఒకసారి ఫలింపకున్నచో మరల చేయవచ్చును. అప్పటికిని నొప్పులు రానిచో ఆసుపత్రిలో చేరి, వైద్యుల పర్యవేక్షణలో మందులతో తెప్పించుకొనవలెను.

ఎవరికి చేయరాదు?

మాయ క్రిందికి దిగి ముఖద్వారమును కప్పినవారికిని, బిడ్డ అడ్డముగా నున్నవారికిని, ఉమ్మనీరు ముందే పోయినవారికిని, సహజకాన్పు తగదని వైద్యులు తేల్చినవారికిని దీనిని చేయరు. ముందు కాన్పు శస్త్రచికిత్సతో జరిగినచో ఆ విషయమును వైద్యునకు తప్పక చెప్పవలెను. అట్టివారి విషయమున నిర్ణయము వైద్యునిదే. ఆంధ్రప్రదేశమున 2019–21 సర్వే నాటికి నూటికి 42 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. కావున రెండవ కాన్పుకు వచ్చు స్త్రీలలో ఇట్టివారు ప్రతి గ్రామమందును ఉందురు.

మరియొక ముఖ్యవిషయము. ఈ పని ఆ స్త్రీ సమ్మతితోనే జరుగవలెను. ఏమి చేయబోవుచున్నారో, ఎందులకో, ఎట్లుండునో ముందుగా ఆమెకు చెప్పి, ఆమె సరే యనిన పిదపనే చేయవలెను. అత్తగారి యంగీకారముగాని, భర్త యంగీకారముగాని ఆమె మాటకు బదులు కాదు. వలదనుటకు ఆమెకు హక్కు కలదు. వలదన్నంత మాత్రమున ఆమెకు అందవలసిన తక్కిన వైద్యము ఆగరాదు.

ఇంటియొద్ద సూది వలదు

పొర సడలించుట ఆసుపత్రిలో శిక్షితహస్తముతో జరుగవలసిన పని. మంత్రసాని ఇంటిలో చేయదగినది కాదు. చేతి శుభ్రత లేనిచో క్రిములు గర్భాశయమునకు చేరును; మాయ యెచ్చటనున్నదో తెలియక వ్రేలు పెట్టినచో ప్రాణాపాయకరమైన రక్తస్రావము కలుగవచ్చును.

ఇంతకన్న ఘోరమైనది ఇంటియొద్ద ‘నొప్పుల సూది’ వేయించుట. ఆ మందు పేరు ఆక్సిటోసిన్. పశువులు పాలు చేపుటకై కొందరు అక్రమముగా పొడిచెడి సూదిమందు ఇదియే. ఆసుపత్రిలో దీనిని సెలైనుతో కలిపి, బొట్టుబొట్టుగా, బిడ్డ గుండె చప్పుడును గమనించుచు ఎక్కింతురు. ఇంటిలో ఒక్కమారుగా పొడిచినచో గర్భాశయము విడువక బిగిసి, బిడ్డకు ప్రాణవాయువు అందదు. గర్భాశయము చినిగి తల్లి ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. పూర్వము శస్త్రచికిత్స జరిగినవారికి ఈ ప్రమాదము మరింత హెచ్చు. నొప్పులకై ఆముదము త్రాగించుట వలన వాంతులు, విరేచనములు కలిగి, బలము కావలసిన సమయమున ఆమె నీరసించును. వైద్యుల సలహా లేనిదే అట్టి ప్రయత్నములు చేయరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ సమావేశమున ప్రతినెలయు ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను ఈ మూడు ప్రశ్నలు అడుగవలెను: ఈ నెలలో కాన్పు తేదీ గలవారెందరు? తేదీ దాటినవారెందరు? వారు ఆసుపత్రికి పోయిరా? సంఖ్యలు మాత్రమే చర్చింపవలెను. స్త్రీల పేర్లు సభలో చదువుట, నోటీసుబల్లపై వ్రాయుట కూడదు.

2. తొలికాన్పుకు పుట్టినింటికి పోవుట మన ఆచారము. ధర్మవరము కోడలు పెనుకొండ ప్రాంతపు పల్లెకు, హిందూపురము కోడలు పొరుగున కర్ణాటకములోని పావగడకు పోవుచుండును. ఆమెతో సారె, చీరె పోవును గాని కార్డు పోదు. అత్తవారి గ్రామ ఆశా కార్యకర్త పుట్టినింటి గ్రామ కార్యకర్తకు ఫోనుచేసి కాన్పు తేదీ తెలుపు ఏర్పాటు చేయింపవలెను. పనికై బెంగుళూరు వలసపోయిన కుటుంబముల విషయమునను ఇట్లే చేయవలెను.

3. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద 2016 నుండి ప్రతినెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. ఆ దినమున వాహనము లేక ఎవరును ఇంట ఆగిపోకుండ చూడవలెను.

4. కాన్పు తేదీ దాటినవారు మరునాటినుండియే వైద్య పరీక్షకు పోవునట్లును, 41 వారములు నిండులోపల ప్రసూతి వైద్యులున్న ఆసుపత్రికి చేరునట్లును చూడవలెను. హిందూపురమున జిల్లా ఆసుపత్రియు, ధర్మవరమున ఏరియా ఆసుపత్రియు, బత్తలపల్లెలో ఆర్.డి.టి. ఆసుపత్రియు కలవు. పొర సడలించుట తమకు తగునా యని అచ్చట అడుగుటకు స్త్రీలు సంకోచింపనక్కరలేదు.

5. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, రాకపోకలు ఉచితము. ఈ సంగతిని దండోరా వేయించవలెను. ఆపద కలిగినచో 108 వాహనమును పిలువవలెను.

మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. పురుష సభ్యులు అడుగుటకు జంకెడి ప్రశ్నలను సభ్యురాండ్రు ఇంటింట చనువుగా అడుగవచ్చును: “అమ్మా, నీ తేదీ ఎప్పుడు? బిడ్డ కదలుచున్నదా? ఆసుపత్రికి ఎప్పుడు పోవుచున్నావు?” ఈ మూడు మాటలకు ఖర్చు లేదు. బావి త్రవ్వించుటకు, వీధిదీపము వేయించుటకు పంచాయతీకి నిధులు కావలెను. ఒక తేదీని జ్ఞాపకముంచుకొనుటకు శ్రద్ధయే చాలును. గ్రామములోని ప్రతి గర్భిణి కాన్పు తేదీ కార్డుపై వ్రాయబడి, ఆ తేదీ దాటిన ప్రతి తల్లియు సకాలమున వైద్యుని యెదుట నుండునట్లు చూచుట ఈ నెలలోనే మొదలిడదగిన పని.