బిడ్డ ఎముక విరిగితే తల్లిని తిట్టకండి

పురిటి స్నానంలో అమ్మమ్మ బిడ్డ కాళ్ళు సాగదీస్తుంది. బిడ్డ కేరుమంటుంది. ఎక్స్‌రేలో తొడ ఎముక విరిగి ఉంటుంది. "ఎత్తుకోవడం కూడా రాదా?" అని అందరూ తల్లి మీద పడతారు.

తప్పు ఎవరిదీ కాదమ్మా. నూలు నాసిదైతే గుడ్డ పట్టుకోగానే చిరుగుతుందని మిల్లు మనుషులం మనకి తెలుసు. ఎముకలో నూలులాంటిది కొల్లాజెన్. అది పుట్టుకతోనే నాసిదైతే ఆ జబ్బుని ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా అంటారు. సుమారు 15,000 నుంచి 20,000 మందిలో ఒకరికి వస్తుంది. చాలామందికి కంటి తెల్లగుడ్డు నీలంగా ఉంటుంది. మేనరికం లేకపోయినా రావచ్చు.

చంకలు పట్టి ఎత్తకండి, కాళ్ళు పైకెత్తి గుడ్డ మార్చకండి. తల కిందొక చెయ్యి, పిర్రల కిందొక చెయ్యి పెట్టండి. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రిలో చూపించండి. పూర్తిగా నయం కాదు గానీ, ఎముక గట్టిపడటానికి మందులున్నాయి.