టీకాలో ఉన్నది వైరసేనా? - ఒక కూతురి ప్రశ్నకు జవాబు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మా స్త్రీల వార్డులో చేరిన తల్లికి తోడుగా వచ్చిన కూతురు ఈ మధ్య మమ్మల్ని ఇలా అడిగింది: "సిస్టరమ్మా, అమ్మకు ఈ జబ్బు వైరస్ వల్ల వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. మా పాపకు వేయించమంటున్న టీకాలో కూడా ఆ వైరసే ఉంటుందట గదా! చేతులారా రోగం ఎక్కించినట్టు కాదా?"

ఇది ఆమె ఒక్కదాని సందేహం కాదు. టీకా గది దగ్గర మేము తరచుగా వినే ప్రశ్న ఇది. "ఏమీ కాదులే అమ్మా" అని పంపించేయడం సులువే. కాని ఈ ప్రశ్నకు అసలైన జవాబు ఉంది. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో కణాలను పెంచి, వాటిలో మార్పులు చేసి ఆ జవాబు సంపాదించారు. అది మన పాఠకులందరికీ తెలియాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

వైరస్ చేసే పని ఏమిటి?

ఈ వైరస్ పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్.పి.వి. 1983లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దీని 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని కనుగొంది. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే దొంగతనం జరిగిన ఇంట్లో కనబడినవాడల్లా దొంగ కాడు. వైరస్ అక్కడ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అదే తెచ్చిందని ఎలా చెప్పగలం? క్యాన్సర్ కణాల్లో వైరస్ జన్యువులు చాలా వరకు పోయినా ఇ6, ఇ7 అనే రెండు మాత్రం మిగిలి పనిచేస్తూ కనబడ్డాయి. అనుమానం వాటి మీదికి మళ్ళింది.

అప్పుడు చేసిన పని ఇది. మనిషి చర్మం నుండి తీసిన మామూలు కణాలను గాజు పాత్రలో పెంచారు. అలాంటి కణాలు కొన్నిసార్లు విభజన చెంది, తర్వాత ఆగిపోతాయి. వాటిలోకి ఇ6, ఇ7 జన్యువులను చొప్పించారు. ఇలా జన్యువు చొప్పించేటప్పుడు సాధారణంగా దానితోపాటు ఒక మందును తట్టుకునే జన్యువును కూడా జత చేస్తారు. తర్వాత ఆ మందు వేస్తే, జన్యువు చేరని కణాలు చనిపోతాయి, చేరినవి మిగులుతాయి. పోలిక కోసం వైరస్ జన్యువు లేని కణాలను పక్కనే పెంచుతారు. 1989లో వెలువడిన ఫలితాలు స్పష్టంగా ఉన్నాయి. రెండు జన్యువులూ చేరిన కణాలు ఆగకుండా పెరుగుతూ పోయాయి.

కారణం కూడా దొరికింది. మన కణంలో ఆర్‌బి అనే ప్రోటీన్ బండికి బ్రేకు లాంటిది. ఇ7 దానిని పట్టుకొని పనిచేయనివ్వదు. పి53 అనే ప్రోటీన్ కాపలాదారు వంటిది. డి.ఎన్.ఏ. దెబ్బతింటే కణాన్ని ఆపుతుంది, లేదా చనిపోయేలా చేస్తుంది. ఇ6 ఆ కాపలాదారునే నాశనం చేయిస్తుందని 1990లో తేలింది.

తిరగవేసి చూసిన ప్రయోగం

1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే స్త్రీ ఇదే క్యాన్సర్‌తో మరణించింది. ఆమె గడ్డ నుండి తీసిన హీలా కణాలు నేటికీ ప్రపంచమంతటా పెరుగుతున్నాయి. వాటిలో 18వ రకం వైరస్ జన్యువులు ఉన్నాయి. 2000లో యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్విన్, డిమాయో అనే శాస్త్రజ్ఞులు ఈ కణాల్లోకి ఇ6, ఇ7లను అణచివేసే మరో జన్యువును పంపారు. బ్రేకు, కాపలాదారు తిరిగి లేచారు. యాభై ఏళ్ళుగా ఆగని కణాలు ముసలివై పెరగడం మానుకున్నాయి. దొంగ ఎవరో ఇక సందేహం లేదు.

మరి టీకాలో ఏముంది?

ఇ6, ఇ7 టీకాలో లేవు. వైరస్ పైతొడుగుకు చెందిన ఎల్1 అనే ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది. దాని జన్యువును ఈస్ట్ కణాల్లో గాని, పురుగుల కణాల్లో గాని పెట్టి తయారు చేయిస్తారు. ఆ ప్రోటీన్లు తమంతట తామే కూడి వైరస్ ఆకారం దాల్చుతాయి. లోపల మాత్రం ఖాళీ. కాయ తొడుగు ఉంది, విత్తనం లేదు. అది మొలకెత్తదు, కాని మన శరీరం దానిని చూసి అసలు వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మన దేశంలో తయారైన టీకాకు 2022లో అనుమతి లభించింది. 9 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేయించడం మేలు. ఒకటి లేదా రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది.

అడిగి చేయాలి

హెన్రియెట్టా కణాలను పరిశోధనకు తీసుకునేటప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. మన దగ్గర కూడా 2009లో ఖమ్మం జిల్లాలో ఒక పథకం కింద వేలాది బాలికలకు ఈ టీకా వేశారు. 2010లో ప్రభుత్వం దానిని ఆపింది. ఖమ్మం, గుజరాత్‌లోని వడోదర కలిపి ఏడుగురు బాలికలు చనిపోగా, అందుకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రుల అనుమతి విషయంలో లోపాలు బయటపడ్డాయి. హాస్టల్ పిల్లలకు వార్డెన్లే సంతకాలు చేశారు. అందుకే తల్లులు అడిగే ప్రశ్నను మేము విసుగుగా తీసుకోము. అడగడం వారి హక్కు.

ఒక మాట మరువవద్దు. ఇప్పటికే సోకిన వైరస్‌ను టీకా పోగొట్టదు. ముప్పై దాటిన స్త్రీలు పరీక్ష చేయించుకోవాలి. పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి చూసే పరీక్ష కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. కలయిక తర్వాత గాని, ముట్లుడిగాక గాని రక్తం కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా సిగ్గుపడి దాచుకోవద్దు. మా వార్డులోని ఆ తల్లి ఎనిమిది నెలలు దాచుకుంది.

కూతురు ఆ రోజు టీకా కాగితం మీద సంతకం పెట్టలేదు. "ఇంట్లో మాట్లాడి వస్తానమ్మా" అంది. సరేనన్నాము. తన పరీక్ష మాత్రం ఆ రోజే చేయించుకొని వెళ్ళింది.