పొగబండి ఎప్పుడు రైలైంది?

1856 జులైలో మద్రాసు రాయపురం స్టేషన్ నుంచి దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు కదిలింది. దాన్ని చూసి ఒకరు పొగబండి అన్నారు. ఇంకొకరు రెయిలుబండి అన్నారు. పండితులేమో ధూమశకటం అన్నారు! చివరికి 'రైలు' ఒక్కటే గట్టిగా నిలబడింది. మరి పొగబండి వెనకబడింది ఏ ఏడాది ప్రాంతంలో? ముందు పత్రికల్లోనా, కథల్లోనా?

చిలిపి ప్రశ్నలా ఉంది కదూ! కానీ ఇలాంటివే మరికొన్ని చూడండి. ఆడపిల్లల చదువు గురించి మన పత్రికలు ఎప్పుడు ఎక్కువగా రాశాయి? కలరా వార్తలు ఏ నెలల్లో వచ్చేవి? ఒక్క మనిషి జీవితమంతా పుటలు తిరగేసినా వీటికి సమాధానం దొరకదు. పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయిగా, మీట నొక్కితే సరిపోదూ అనుకుంటాం. అక్కడే ఉంది చిక్కు.

ఫొటోను చదవడమెలా?

శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదనే ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న రాజ్ రెడ్డి పదిలక్షల పుస్తకాలను అందరికీ అందించాలని కలగన్నారు. ఆ ప్రయత్నంలో భాగమే 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా'. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి కేంద్రాల్లో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కానర్ కిందకు వెళ్లాయి. తర్వాతెప్పుడో ఆ సైటు మూతపడినా, వాటిలో ఎన్నో 'ఇంటర్నెట్ ఆర్కైవ్'లో భద్రంగా ఉన్నాయి. తాతగారి అటక మీద చెదలు తినేసిన పుస్తకం అక్కడ దొరికితే ఎంత సంబరమో!

అయితే స్కాన్ అంటే ఫొటోనే. మనకు అందులో 'పొగబండి' కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం నల్లచుక్కలే. వాటిని అక్షరాలుగా పోల్చుకునే పనిని 'ఓసీఆర్' అంటారు. మన లిపి దానికి చుక్కలు చూపిస్తుంది. ద, ధ, థ... మూడింటికీ ఒకటే రూపం. కింద గీత ఉంటే ధ, దాంతోపాటు కడుపులో చుక్క కూడా ఉంటే థ. సీసపు అచ్చు అరిగిపోయి ఆ చుక్క పడలేదా, 'కథ' కాస్తా 'కధ' అయిపోతుంది. కథల మీద పరిశోధన చేసేవారికి ఆ పుస్తకం ఇక దొరకనట్టే. పైగా మనకు సంధులు, విభక్తులు ఎక్కువ. రైలెక్కి, రైల్లో, రైళ్లకు, రెయిలుబండిలో... ఇవన్నీ ఒక మాట సంతానమేనని యంత్రానికి ఎవరో ఒకరు నేర్పాలి.

ఏ ఏటి గిరీశం?

ఇంతకన్నా పెద్ద తంటా సంవత్సరాలతో వస్తుంది. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం చదువుకునేది ఎక్కువగా ఈ రెండోదే. ఆ తర్వాత ఎన్ని ముద్రణలో! స్కాన్ చేసినవారు తమ చేతిలో ఉన్న ప్రతి మీది సంవత్సరాన్నే పట్టికలో ఎక్కించారనుకోండి. కంప్యూటర్ లెక్కలో గిరీశం స్వాతంత్య్రం వచ్చాక మాట్లాడినట్టు తేలుతుంది! పట్టికలో ఒక్క గడి తప్పితే పరిశోధన అంతా తప్పే. పేర్లయితే మరీ ఘోరం. తెలుగు పుస్తకం పేరును ఇంగ్లిషు అక్షరాల్లో ఒకరు ఒకలా, మరొకరు ఇంకోలా కొట్టి పెట్టారు. స్కానింగ్‌కు పెట్టిన శ్రద్ధలో సగం ఈ పట్టికలకు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

శ్రద్ధ పెడితే ఏమవుతుందో బ్రౌన్ దొర నిఘంటువు చెబుతుంది. 1852లో తొలిసారి వెలువడిన ఆ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు 1903 నాటి కూర్పును షికాగో విశ్వవిద్యాలయం ఫొటోలుగా వదిలేయలేదు, అక్షరాలుగా మార్చింది. ఏ అర్థం చివర్లోనో దాగిన మాటనైనా క్షణంలో పట్టుకోవచ్చు.

గ్రంథాలయాలే డేటాగా మారాలన్న ఆలోచనతో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2016లో ఓ సమావేశమే పెట్టింది. అక్కడి 'హాథీ ట్రస్ట్' మరో ఉపాయం చేసింది. కాపీరైట్ ఉన్న పుస్తకాన్ని చదవనివ్వదు కానీ, ఏ పుటలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క ఇస్తుంది. పొగబండి లాంటి ప్రశ్నలకు అది చాలు. మాటల వాడుక ఏడాదికేడాది ఎలా మారిందో గీత గీసి చూపించే గూగుల్ పరికరం ఒకటి 2010లో వచ్చింది. అందులో తెలుగు లేదు.

మన దగ్గర ఈ పనిని ఎక్కువగా ఔత్సాహికులే మోస్తున్నారు. తెలుగు వికీసోర్స్‌లో తెర మీద ఒకవైపు పాత పుట బొమ్మ, మరోవైపు యంత్రం చదివిన అక్షరాలు కనిపిస్తాయి. ఎవరూ దిద్దని పుట ఎర్రగా ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు. వేరొకరు మళ్లీ సరిచూస్తేనే ఆకుపచ్చ. అరసున్నలు, బండి ఱలు ఎక్కడ రావాలో కుర్రకారుకు తెలియదు. ఆ పుటల దగ్గర మన ఇళ్లలోని తాతయ్యలకూ అమ్మమ్మలకూ భలే గిరాకీ!