పాత కాగితములకుఁ గ్రొత్త గుర్తుచీటీలు

గ్రంథాలయమునఁ బ్రతి పుస్తకమునకు నొక పేరును, దానిని వ్రాసినవారి పేరును నుండును. అట్టను జూచినంతనే యది చరిత్రమో గణితమో మనకుఁ దెలియును. దస్తావేజుల భాండాగారమున నట్లు కాదు. అందుండునవి కచేరీలలో నిత్యవ్యవహారమునకై వ్రాసికొనిన కాగితములు: అర్జీలు, జాబులు, జీతముల పట్టీలు, జనాభా లెక్కలు, పటములు, ఛాయాచిత్రములు. ఏ కచేరీ కాగితములను ఆ కచేరీ పేరనే, వచ్చిన వరుసనే, కట్టలుగాఁ గట్టి పెట్టెలలో నుంతురు. పెట్టెపైఁ గచేరీ పేరును సంవత్సరములును మాత్రమే కనఁబడును. లోపల నెవరి గోడు దాఁగియున్నదో పెట్టెపై వ్రాఁత చెప్పదు.

ఇట్టి భాండాగారములలో మిక్కిలి పెద్దవానిలో నొకటి అమెరికా సంయుక్త రాష్ట్రముల జాతీయ భాండాగారము. దీనిని 1934వ సంవత్సరమున నచ్చటి శాసనసభవారు స్థాపించిరి. ఇందలి కాగితముల పుటలు వేయి కోట్లకు మించియున్నవి. వీనిలోఁ గొన్నిటిని యంత్రముతోఁ జిత్రములుగాఁ దీసి, ఇంటర్నెట్టు ద్వారా నెల్లవారికిని జూపుచున్నారు. ఇట్లు తీసిన చిత్రములే యిరువది కోట్లను దాఁటినవి. పూర్వము వాషింగ్టను నగరమునకుఁ బోయి, అనుమతి పొంది, బల్లయొద్దఁ గూర్చుండి చూడవలసిన కాగితమును నేఁడు మన పల్లెలోని బాలుఁడు సయితము ఇంటనే చూడఁగలఁడు.

అయినను నిందొక చిక్కు కలదు. యంత్రము తీసినది కాగితముయొక్క చిత్రమే కాని, అందలి మాటలు కావు. ఒక యువతి తన ముత్తాత పేరును కంప్యూటరులో నచ్చొత్తి వెదకినదనుకొందము. ఆయన జాబు నిజముగా నచ్చటనే యున్నను, కంప్యూటరున కది సిరామరకలుగల యొక బొమ్మ మాత్రమే. పట్టికలో నాయన పేరు లేదు గనుక, "అట్టిది లేదు" అనియే యుత్తరము వచ్చును. పెట్టె తెఱచినారు గాని కాగిత మింకను మూసియే యున్నది. భాండాగారపు ఉద్యోగులు కోట్లకొలఁది పుటలను చదివి ప్రతిదానికిఁ బేరులు వ్రాయవలెనన్నచో వారి యాయుర్దాయము చాలదు.

కాఁబట్టి వారు ప్రజలనే సహాయమడిగిరి. 2012 ప్రాంతమునుండి యీ పని క్రమముగా సాగుచున్నది. సహాయము చేయువారికి "పౌర భాండాగారికులు" అని యర్థమిచ్చు బిరుదును వారి భాషలో నిచ్చిరి. వీరు చేయు పనులు ముఖ్యముగా రెండు. చిత్రములోని వ్రాఁతను, తప్పులతోఁ గూడ నున్నదున్నట్లుగా, అచ్చు అక్షరములలో మఱల వ్రాయుట యొకటి. కాగితమునకు ట్యాగులు, అనఁగా గుర్తుచీటీలు, తగిలించుట రెండవది. సంతలో బస్తాపైఁ "గందులు" అని చీటీ కట్టినచోఁ గొనువాఁడు బస్తా విప్పనక్కఱలేదు గదా! అట్లే యొక పుటకు మనుష్యుని పేరో, ఊరి పేరో, విషయమో చీటీగాఁ దగిలించినచో, అటుపై నా మాటతో వెదకువారి కందఱికిని ఆ పుట దొరకును. ఒక్కొక్క విషయమును గూర్చిన కాగితములను గుంపుగాఁ జేర్చి సేవకుల కప్పగింతురు. ఆ యప్పగింతకు వారు పెట్టుకొనిన పేరు "మిషను". మన పాఠశాల బిడ్డల కా మాట చుట్టము వంటిదే.

ఈ శ్రమ యెందులకని యడుగుదురేమో. రెండు దృష్టాంతములు చెప్పెదము.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధమునఁ బోరాడిన సైనికులు వృద్ధులైన పిమ్మట పింఛనుకై యర్జీలు పెట్టుకొనిరి. పింఛను కచేరీలోని తొలి కాగితములు 1800వ సంవత్సరపు అగ్నిప్రమాదములోఁ గాలిపోయినవి. చాలమంది చేత నే కాగితమును లేదు. 1832 నాఁటి శాసనము ననుసరించి ముసలివారు న్యాయస్థానములో నిలువఁబడి, తామే దళములోఁ జేరినదియు, ఎచ్చట నడచినదియు, ఎవరి క్రింద నున్నదియు జ్ఞాపకమున్నంతవఱకుఁ జెప్పి వ్రాయించిరి. విధవలు తమ వివాహమును రుజువుపఱుచుకొనవలసివచ్చెను. రుజువు లేనివారు కుటుంబ బైబిలులో పెండ్లి తేదీయు బిడ్డల పుట్టుకలును వ్రాసియున్న పుటనే చింపి యర్జీకి జతపఱచిరి. ఇంటిలో నంతకంటె విలువైన పుస్తకము లేనివా రా పుటను చింపునపుడు వారి చేయి యెట్లాడినదో! ఆ పుటలు నేఁటికిని భాండాగారమున నున్నవి. 80,000 మందికిఁ బైబడిన సైనికులయు విధవలయు పత్రములు ఈ కట్టలలోఁ గలవు. అందలి చేతివ్రాఁతను చదివి వ్రాయు పనిని 2023లో భాండాగారమువారును, ఆ దేశపు జాతీయోద్యానముల శాఖవారును గలిసి ప్రారంభించి, ప్రజల నాహ్వానించిరి.

రెండవ దృష్టాంత మింతకంటె హృదయవిదారకము. 1850, 1860 సంవత్సరముల అమెరికా జనాభా లెక్కలలో బానిసలకుఁ బ్రత్యేకముగా నొక పట్టిక యుండెను. అందు యజమాని పేరు వ్రాసి, దానిక్రింద బానిసల వయస్సును, స్త్రీయో పురుషుఁడో యనునదియు, దేహవర్ణమును వ్రాసిరి. సాధారణముగా వారి పేరులు వ్రాయలేదు. పశువుల లెక్క వంటి లెక్క! 1865లో బానిసత్వము రద్దయినది. 1870 లెక్కలలోఁగాని నల్లవారందఱును బేరులతోఁ గనఁబడరు. కావున నేఁడు వారి సంతతివారు తమ పూర్వులను వెదకుచు వెనుకకుఁ బోఁగాఁ బోఁగా 1870 యొద్ద గోడ యడ్డము వచ్చినట్లు నిలిచిపోవుదురు.

ఆ గోడలో నొక కిటికీ కలదు. విముక్తులైన బానిసలకు అన్నవస్త్రములను, పనియొడంబడికలను, బడులను సమకూర్చుటకై 1865లో ప్రభుత్వము ఫ్రీడ్మెన్స్ బ్యూరో యను నొక శాఖను నెలకొల్పెను. అనేక మిషనరీ సంఘములు దానికిఁ దోడై ఉపాధ్యాయులను బంపెను. ఆ శాఖవారు వ్రాసికొనిన వివాహపు రిజిస్టరులలో, కూలి యొడంబడికలలో, ఆ జనుల పేరు లెన్నో మొదటిసారిగా నెక్కినవి. 2015 జూనులో నా పేరులను పట్టికకెక్కించు నుద్యమ మారంభమై, ఒక సంవత్సర కాలములో 25,000 మందికి మించిన స్వచ్ఛంద సేవకులు సుమారు 18 లక్షల పేరులను వ్రాసిరి. జీతము లేదు, బహుమానము లేదు. పేరు లేకుండఁ జేయఁబడినవారికిఁ బేరు దొరకెను. అదియే ఫలము.

శిక్షణ లేనివారి పనిని నమ్మవచ్చునా యని పెద్దలు కొందఱు సందేహింపవచ్చును. సందేహము న్యాయమైనదే. దానికి సమాధానము 2014లో బ్రిటనునఁ బ్రారంభమైన యొక కార్యములోఁ గానవచ్చును. మొదటి ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సు, బెల్జియము దేశములలోఁ బోరాడిన దళముల దినచర్య పుస్తకములు బ్రిటిషు జాతీయ భాండాగారమునఁ గలవు. వాని పుటలకుఁ బేరులు, స్థలములు, తేదీలు, చేసిన పనులు ట్యాగులుగాఁ దగిలించుటకు ప్రజలను బిలిచిరి. ఒక్కొక్క పుటను బలువురు, ఒకరి పని నొకరు చూడకుండ, వేఱువేఱుగాఁ జదివిరి. ఎక్కువమంది యేకీభవించినదానిని గ్రహించి, ఒంటరి పొరపాటును విడిచిరి. నలుగురు సాక్షులు వేఱుగాఁ జెప్పి యొక్కటే చెప్పినచో న్యాయాధిపతి నమ్మఁడా? ఇదియు నట్టిదే.

యంత్రములే చేతివ్రాఁతను జదువుచుండఁగా మనుష్యు లెందులకని మఱియొక ప్రశ్న. అమెరికా జనాభా లెక్కలను 72 సంవత్సరములు రహస్యముగా నుంచి పిదప వెల్లడింతురు. 1950 లెక్కలను 2022 ఏప్రిలు 1వ తేదీన వెల్లడించినపుడు, పేరులను మొదట యంత్రముచేతనే చదివించిరి. తప్పులు తప్పవని తెలిసి, సరిదిద్దు నవకాశమును వెంటనే ప్రజల కిచ్చిరి. యంత్రము త్వరగాఁ జదువును; అది నిజమే. కాని చెరిగిన యక్షరమును, ఆ కుటుంబపు పేరు నెఱిఁగినవాఁడు పోల్చునంత బాగుగా యంత్ర మన్నిపట్లఁ బోల్చలేదు. మఱియు నచ్చటి పాఠశాలలలోఁ బెక్కింట గొలుసుకట్టు వ్రాఁతను నేర్పుట మానినందున, పాత జాబులను జదువఁగల పెద్దల సాయ మిపుడు మఱింత విలువైనది. తాత చదువును, మనుమఁడు కంప్యూటరున నచ్చొత్తును. ఇంతకంటె మంచి తరగతి గది యేది?

గుర్తుచీటీ పెట్టువారు పాటింపవలసిన నియమములను గొన్నిటిని విద్యార్థులకై చెప్పుచున్నాము. ఈ నియమము లే దేశపు కాగితములకైనను సరిపోవును.

మొదటిది: కంటికిఁ గనఁబడినదానినే చెప్పవలెను. ఒక ఛాయాచిత్రములో నది, పడవ, గొడుగు పట్టుకొనిన స్త్రీ కనఁబడినచో, ఆ మాటలే చీటీలు. ఆమె విచారముగా నున్నదనుట మన యూహ. దానిని చీటీగాఁ బెట్టరాదు.

రెండవది: వెదకువాఁడు వాడు మాటను వాడవలెను. "జలవాహనము" అని వ్రాసినచో నెవ్వరు వెదకుదురు? "పడవ" అని వ్రాయవలెను.

మూఁడవది: చీటీ చిన్నదిగా నుండవలెను. ఒక మాటయో, రెండు మాటలో చాలును. కథ చెప్పఁదలఁచినచో దానికి వేఱు తావు కలదు.

నాలుగవది: పేరులయొక్క భిన్నరూపములను విడువరాదు. ఒక్క యూరినే పాత కాగితములలో మూఁడు విధముల వ్రాసియుందురు. కాగితములోనున్న రూపమునకును, నేఁటి రూపమునకును వేఱువేఱు చీటీలు పెట్టినచో వెదకువారి కుపకారము.

అయిదవది: తెలియనిచోఁ దెలియనట్లే విడువవలెను. తప్పుడు చీటీ లేని చీటీకంటెఁ జెడ్డది. అది వెదకువానిని ప్రక్కదారి పట్టించును.

ఇది పరదేశపు ముచ్చటయని తలఁపవలదు. కల్నల్ మెకంజీకిఁ దోడుగా కావలి సోదరులు గ్రామగ్రామమునఁ గైఫీయతులను సేకరించిరి. బ్రౌను దొరగారు పండితులను గూర్చుకొని, శిథిలమగుచున్న తాళపత్ర గ్రంథములకుఁ బ్రతులు వ్రాయించిరి. వారు చేయకున్న మన చరిత్రములోఁ గొన్ని గదులు చీఁకటిగనే యుండెడివి. నేఁడు తెలుగు వికీసోర్సు నందుఁ బాత తెలుగు పుస్తకముల పుటలను చిత్రములుగాఁ జూపి, వానిని అక్షరములుగా మార్చి సరిచూచు పని స్వచ్ఛంద సేవకులవలన జరుగుచున్నది. ఒకరు సరిచూచిన పుటకు పసుపుపచ్చ గుర్తును, వేఱొకరు మఱలఁ జూచి యామోదించిన పుటకు ఆకుపచ్చ గుర్తును వేయుదురు. ఒత్తులును దీర్ఘములును బాగుగా నెఱిఁగిన యున్నత తరగతి విద్యార్థి కిది తగిన సేవ. భాష కభ్యాసమును గూడ.

తలిదండ్రుల కొక విన్నపము. మీ యిండ్లలోఁ బెట్టెల యడుగున నున్న ఛాయాచిత్రములను బయటికిఁ దీయుఁడు. అవ్వ బ్రదికియుండఁగనే యందున్నవా రెవరో యడిగి తెలిసికొనుఁడు. చిత్రము వెనుకతట్టున, అంచుకడ, మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొత్తకుండ, పేరులును ఊరును సంవత్సరమును వ్రాయుఁడు. సిరాతో వ్రాయకుఁడు, అది ముందువైపునకు దిగును. ఆ యవ్వ కన్నుమూసిన మఱునాఁడు ఆ చిత్రములోని వారందఱు పేరు లేనివారగుదురు. అమెరికా పట్టికలలోని బానిసలకుఁ బరులు చేసిన యన్యాయమును మన యలసత్వముచే మనవారికి మనమే చేయుదుమా?

పది నాణెములలో నొక్కటి పోయినందుకు దీపము వెలిఁగించి యిల్లంతయు నూడ్చిన స్త్రీ కథను మన ప్రార్థనకూటములలో వినియున్నాము. తొమ్మిది మిగిలినవి గదా యని యామె యూరకుండలేదు. పాత కాగితములలోఁ బోయినది నాణెము కాదు, మనుష్యుని పేరు. సెలవులలో దినమునకొక యరగంట, ఒక్క పుట. దీపము మీ చేతిలోనే యున్నది.