గేరు సైకిలు కొంటున్నారా? ముందు నేలను చూడండి!

"ఆడపిల్లకు గేర్ల సైకిలేమిటి? అదీ రాళ్ళల్లో, రప్పల్లో తొక్కేది!"

ఆ మధ్య వనపర్తిలో మా చెల్లెలింట్లో ఈ మాట వినిపించని పూట లేదు. చెల్లెలి కూతురు ఇంటర్మీడియట్ చదువుతోంది. మౌంటెన్ బైకు పందేల్లో పాల్గొనాలని దాని కోరిక. పోరు పడలేక మా మరిది కొనిచ్చాడు. ముందూ వెనకా స్ప్రింగులు, లావుపాటి గొట్టాలు, 21 గేర్లు... చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నెల తిరక్కుండా పిల్ల రెండుసార్లు పడింది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. వారానికో పంక్చరు. "నేను చెప్పలేదా? ఇది ఆడపిల్లల పని కాదు" అని చెల్లెలి అత్తగారు తీర్మానించేశారు. సైకిలు అమ్మేద్దామన్న మాటా వచ్చింది.

"పెద్దమ్మా, నాకు నిజంగా చేతకాదా?" అని పిల్ల అడిగితే ఏం చెప్పను? మర్నాడు ఇద్దరం సైకిలు నడిపించుకుంటూ ఓ ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆయన సైకిలు కన్నా ముందు పిల్లను చూశాడు. "దీనికి అటో కాలు, ఇటో కాలు పెట్టి నిలబడు బిడ్డా" అన్నాడు. నిలబడితే మునివేళ్ళే ఆనాయి. "తప్పు పిల్లది కాదమ్మా. ఇది మీ మరిది కొలత సైకిలు" అని నవ్వాడు.

ఆ రోజు తెలుసుకున్నవి, తర్వాత చదివి తెలుసుకున్నవి మీతో పంచుకోవాలనే ఇది రాస్తున్నాను.

కొలత ముఖ్యం

జాకెట్టుకి కొలతలిచ్చే మనం సైకిలు మాత్రం రంగు చూసి కొంటాం! సీటు ముందు నేల మీద నిలబడితే రెండు పాదాలూ పూర్తిగా ఆనాలి. పై గొట్టానికీ మనకీ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద ఉంచి, పెడల్ అడుగుకు వెళ్ళినప్పుడు కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు ముందరి పాదం ఉంచితే మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే సరైన ఎత్తు. మా పిల్ల సైకిలు పెద్దదని కాళ్ళందడానికి సీటు బాగా దించేశారు. మోకాలు మరీ ముడుచుకుని నొప్పి పుట్టింది. అంతే సంగతి!

స్ప్రింగులు ఎన్ని?

ముందు చక్రానికి మాత్రమే స్ప్రింగులుంటే చాలు. తక్కువ ధర సైకిళ్ళకు వెనక కూడా పెడితే బరువు పెరుగుతుంది, మనం తొక్కిన బలంలో కొంత ఆ ఊగిసలాటకే పోతుంది. ఆ డబ్బు మంచి బ్రేకుల మీద పెట్టడం మేలు.

గేర్ల సంఖ్యకూ మోజు పడక్కర్లేదు. 21 గేర్లంటే ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు. ఎత్తు ఎక్కాలంటే ముందు చిన్నది, వెనక పెద్దది. ఎత్తు మొదలయ్యాక కాదు, కాస్త ముందే, తేలిగ్గా తొక్కుతూ మార్చాలి. లేకపోతే చైను తెగే ప్రమాదముంది.

ఊరికో టైరు

మన పాలమూరు సీమలో నేల ఊరూరికీ మారుతుంది. గద్వాల వైపు, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో రేగడి నేలలెక్కువ. వాన పడితే ఆ మట్టి చక్రాన్ని పట్టుకుని వదలదు. అక్కడ టైరు మీది గుబ్బలు దూరం దూరంగా ఉంటే మట్టి రాలిపోతుంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ కూడా చూసుకోవాలి. వనపర్తి, ఖిల్లా ఘనపురం వైపు చెల్కలూ, రాళ్ళూ. అక్కడ గుబ్బలు కాస్త దగ్గరగా, అంచులు గట్టిగా ఉండాలి. నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేట మీదుగా నల్లమల వైపు వెళితే ఎక్కువ తారు రోడ్డే. అక్కడ నున్నటి టైరు సుఖం. అయితే మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా అడవి బాటల్లోకి దిగకండి.

అన్నిచోట్లా ఉండే శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. టైరుకీ ట్యూబుకీ మధ్య ముళ్ళను ఆపే పట్టీ వేయించుకోవచ్చు. డబ్బు పెట్టగలిగితే ట్యూబులెస్ మంచిది. లోపలి ద్రవం చిన్న రంధ్రాలను తనే పూడుస్తుంది. కొన్ని నెలలకోసారి మళ్ళీ పోయించాలి, చక్రం రిమ్ము దానికి తగ్గదై ఉండాలి.

టైరు కొనేటప్పుడు అంచు మీది అంకెలు రాసుకెళ్ళండి. 26×1.75 అనీ, 26×1¾ అనీ రెండుంటాయి. లెక్కలో ఒకటే, చక్రానికి మాత్రం ఒకటి బదులు ఒకటి పట్టదు! గాలి ఎంత కొట్టాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. రాళ్ళ దారిలో కాస్త తక్కువ, తారు రోడ్డు మీద కాస్త ఎక్కువ.

ఒంటి మీదివి

హెల్మెట్టు కనుబొమలకు రెండు వేళ్ళ పైన, వంగకుండా కూర్చోవాలి. గట్టిగా దెబ్బ తగిలితే పైకి బాగున్నా మార్చేయాలి. చున్నీ ఇంట్లో వదిలేయండి, చుడీదారు అంచు చైనులో పడకుండా కట్టుకోండి. గ్లౌజులు, నీళ్ళు, ఒక ట్యూబు, చిన్న పంపు వెంట ఉండాలి.

ఆడవాళ్ళ పని కాదా?

1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో ఈ ఆట పుట్టినప్పుడే కుర్రాళ్ళ మధ్య వెండీ క్రాగ్ అనే యువతి ఉంది. తొక్కడమే కాదు, ఆ రోజుల ఫొటోలు తీసి దాచిందీ ఆమే. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో తొలిసారి ఈ పోటీ పెడితే మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఒకేసారి పెట్టారు. ఇటలీకి చెందిన పావోలా పెజ్జో బంగారు పతకం గెలిచి, 2000లో సిడ్నీలోనూ నిలబెట్టుకుంది. అంత దూరమెందుకు, పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం పుణ్యమా అని వేలాది పల్లె స్త్రీలు మామూలు సైకిళ్ళే నేర్చుకుని తమ పనులకు తామే వెళ్ళగలిగారు.

మా మరిది ఆ సైకిలు నష్టానికే మార్చి, పిల్ల కొలతది తెచ్చాడు. రంగు అంత బాగాలేదు. పిల్ల మాత్రం పడలేదు. పందెంలో గెలుస్తుందో లేదో, ఖిల్లా ఘనపురం దాకా వెళ్ళి తనంతట తనే పంక్చరు వేసుకుని తిరిగొచ్చింది. మొన్న నేను వెళ్ళినప్పుడు పిల్ల బయల్దేరుతోంది. వాళ్ళ నానమ్మ గుమ్మంలోంచి కేకేశారు: "హెల్మెట్టు పెట్టుకున్నావా? నీళ్ళ సీసా ఏదే?"