వెనక డిస్కులు వేయిస్తే బండి సగం దూరంలో ఆగుతుందా?

థారో జిప్సీయో కొన్నవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ముందు పెద్ద టైర్లు పడతాయి, ఆ తర్వాత లిఫ్ట్ కిట్. బ్రేకు చాలట్లేదని అప్పుడు తెలిసొస్తుంది. సరిగ్గా ఆ సమయానికి గ్యారేజీలో సలహా సిద్ధంగా ఉంటుంది: "వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు వేయించన్నా, బండి సగం దూరంలో ఆగుద్ది." ఈ మాట నమ్మి వేలకు వేలు పోసి, బాగా పనిచేస్తున్న బ్రేకుల్ని చేజేతులా పాడుచేసుకుంటున్నారు. కొన్ని బండ్లకు హ్యాండ్ బ్రేకే లేకుండా పోతోంది. కొన్ని బండ్లు తడి రోడ్డు మీద బ్రేకు తొక్కగానే వెనక భాగం జారి అడ్డం తిరుగుతున్నాయి. ఘాట్ దిగే బండిలో కూర్చున్న వాళ్ళందరి ప్రాణాలూ ఆ బ్రేకుల మీదే ఉంటాయి గనక ఈ మాట సంగతి తేల్చాల్సిందే.

బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుందని తెలియని డ్రైవరుండడు. ఆపే పనిలో మూడింట రెండు వంతులో, అంతకంటే ఎక్కువో ముందు చక్రాలే చేస్తాయి. కొండ దిగేటప్పుడు వాటి వాటా ఇంకా పెరుగుతుంది. వెనక టైర్ల మీద మిగిలిన కాస్త బరువుకు, ఆ టైర్లను బిగబట్టడానికి డ్రమ్ము చాలు. బండిని చివరికి ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. గట్టిగా తొక్కితే పెడల్ కింద ఏబీఎస్ టకటక కొట్టుకుంటోందంటే, టైరు మోయగలిగిన దానికన్నా బ్రేకు బలమే ఎక్కువగా ఉందన్నమాట. అలాంటి బండికి వెనక ఎంత పెద్ద డిస్కు తగిలించినా ఆగే దూరం ఒక్క మీటరు కూడా తగ్గదు. సగం అన్న లెక్క ఎక్కడి నుంచి పుట్టిందో గాని, చెప్పినవాళ్ళెవరూ కొలిచి చూపించలేదు.

తగ్గకపోతే పోనీ, నష్టమేముంది అనుకుంటే పొరపాటు. బండి ముందుకు పోతుంటే డ్రమ్ములోని ముందు వైపు షూను తిరిగే డ్రమ్మే లాక్కుని ఇంకా గట్టిగా ఒత్తుకుంటుంది. అందుకే తక్కువ ఒత్తిడికే బాగా పడుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు, అదే పనికి ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కావాలి. కంపెనీ మాస్టర్ సిలిండర్నీ బూస్టర్నీ వెనక డ్రమ్ములున్నాయన్న లెక్కతోనే కూర్చింది. ఇప్పుడు ఏదో కారు క్యాలిపర్లు తెచ్చి, లేత్‌లో కోసిన బ్రాకెట్లతో వెనక యాక్సిల్‌కు బిగిస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది. క్యాలిపర్ చిన్నదైతే వెనక బ్రేకు మునుపటికన్నా బలహీనపడుతుంది. పెద్దదైతే దాని పిస్టన్లను కదపడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, మాస్టర్ సిలిండర్ పాతదే కాబట్టి పెడల్ లోపలికి దిగిపోతుంది, పట్టుకున్నాక ముందు చక్రాలకన్నా ముందే వెనక చక్రాలు బిగుసుకుంటాయి.

ముందు చక్రాలు బిగుసుకుంటే బండి తిన్నగా జారుతుంది. వెనకవి ముందు బిగుసుకుంటే అడ్డం తిరుగుతుంది. మూడు డోర్ల థార్ వీల్‌బేస్ 2,450 మిల్లీమీటర్లు, జిప్సీది 2,375. ఇంత పొట్టి బండి, పైగా లిఫ్ట్ చేసింది, ఒకసారి తిరగడం మొదలయ్యాక స్టీరింగుతో సరిదిద్దే వ్యవధి ఉండదు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది. కాని ముందు వెనకల మధ్య ఒత్తిడిని పంచే దాని లెక్కంతా కంపెనీ బిగించిన బ్రేకులకే సరిపోతుంది, గ్యారేజీలో భాగాలు మార్చినంత మాత్రాన ఆ ప్రోగ్రాం మారదు. పాత జిప్సీలో అయితే ఆ రక్షణ కూడా లేదు.

ఇక హ్యాండ్ బ్రేకు. డ్రమ్ములో కేబుల్ లాగితే అవే షూలు చక్రాన్ని పట్టుకుంటాయి, ఏటవాలులో నిలిపిన బండి కదలదు. డిస్కులు వేసినప్పుడు హ్యాండ్ బ్రేకు మీట ఉన్న ప్రత్యేక క్యాలిపర్ కొనాలి, దానికి పాత కేబుల్ లాగుడు సరిపోవాలి. ఖర్చెక్కువని చాలాచోట్ల ఆ కేబుల్‌ను చుట్టి ఛాసిస్‌కు కట్టేస్తున్నారు. బండి గేరులో ఉందిగా, టైరు కింద రాయి పెడితే చాల్లే అని సర్ది చెబుతున్నారు. వాలులో మరో బండిని వించ్‌తో లాగే మనిషికి ఈ సమాధానం చెప్పకూడదు.

"కంపెనీయే థార్ రాక్స్‌కు వెనక డిస్కులిచ్చింది కదా" అనేవాళ్ళున్నారు. నిజమే, 2024లో వచ్చిన రాక్స్‌లో ఉన్నాయి. వాటికి తగ్గట్టు మిగతా బ్రేకు వ్యవస్థనంతా కంపెనీ ఒక్కటిగా కూర్చి, పరీక్షించి ఇచ్చింది. అందులోంచి ఒక్క ముక్క తెచ్చుకుని వేరే బండికి తగిలిస్తే ఆ పరీక్ష వెంట రాదు. మారుతి జిమ్నీ వెనక చక్రాలకు ఈనాటికీ డ్రమ్ములే. ఎడారుల్లో, కొండల్లో మన్నికకు పేరుపడ్డ టయోటా హైలక్స్‌కు మన దేశంలో వెనక డ్రమ్ములే. ఫోక్స్‌వ్యాగన్ తెచ్చిన ఐడీ 4 ఎలక్ట్రిక్ కారుకూ అంతే.

అయితే డిస్కుల పక్షాన ఒక్క మాట ఒప్పుకోక తప్పదు. వాగు దాటాక డ్రమ్ములో చేరిన నీళ్ళు, బురద ఒక పట్టాన పోవు, కాసేపు బ్రేకు పట్టదు. డిస్కు గాలికి ఆరుతుంది, ప్యాడ్లు దాన్ని తుడిచేస్తాయి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పాత మహీంద్రా జీపులో ముందు చక్రాలకు డిస్కులు వేయిస్తే తేడా కచ్చితంగా తెలుస్తుంది, అది చేయదగ్గ మార్పే. కాకపోతే మాస్టర్ సిలిండర్, బూస్టర్ దానికి సరిపడేవి పడాలి. వెనక వాటి జోలికి వెళ్ళాల్సిన పని అప్పుడు కూడా లేదు.

మరి పెద్ద టైర్లు వేశాక బ్రేకు ఎందుకు తగ్గినట్టు అనిపిస్తుంది? అనిపించడం కాదు, నిజంగానే తగ్గుతుంది. థార్ 18 అంగుళాల రిమ్ము మీద వచ్చే టైరు ఎత్తు సుమారు 31 అంగుళాలు. దాని స్థానంలో 35 అంగుళాలది వేస్తే, పెడల్‌ను అంతే బలంగా తొక్కినా రోడ్డు దగ్గర ఆపే బలం 11 శాతం దాకా తగ్గుతుంది. స్పీడోమీటరు సరిచేయించకపోతే ముల్లు 80 దగ్గరున్నప్పుడు బండి 90కి దగ్గరగా పోతుంటుంది. టైరు బరువు పెరిగింది సరేసరి. కుదిరితే 33 దగ్గర ఆగడం మేలు.

ఘాట్‌లో బ్రేకు పోవడానికి అసలు కారణం వేడి. తిరుమలకూ తిరుపతికీ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 2,000 కిలోల బండి అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి, అదే బండిని 60 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 50 సార్లు పూర్తిగా ఆపితే పుట్టే వేడికి సమానం. గాలి, టైర్లు కొంత తీసుకున్నా న్యూట్రల్‌లో దిగే బండిలో మిగిలిందంతా డిస్కులు, డ్రమ్ములే మింగాలి. ఇంజన్ కూడా ఆపేస్తే బూస్టర్‌లో వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోయి పెడల్ రాయిలా బిగుస్తుంది. డీజిల్ కోసం న్యూట్రల్‌లో దిగడం మానాలి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల పద్ధతి నూటికి నూరుపాళ్ళూ సరైనది.

మిగతా నమ్మకాలకు తలా ఒక వాక్యం చాలు. చిల్లుల డిస్కులు బురద బండికి పనికిరావు, చిల్లుల్లో మట్టి చేరుతుంది, వేడికి అక్కడి నుంచే పగుళ్ళు మొదలవుతాయి. స్టీలు అల్లిక హోస్‌లతో పెడల్ గట్టిపడుతుంది, ఆగే దూరం తగ్గదు. రేసు ప్యాడ్లు వేడెక్కాక బాగా పట్టేవి, ఉదయం చలిలో లంబసింగి రోడ్డెక్కే బండికి మొదటి మలుపులోనే పనికిరావు. బ్రేకు ఆయిల్లో డాట్ 5 అంటే డాట్ 4 కన్నా మెరుగన్నది తప్పు, అది సిలికాన్ ఆయిల్, మామూలు ఆయిల్‌లో కలపకూడదు, ఏబీఎస్ బండికి అసలు వద్దు.

బ్రేకు ఆయిల్ తగ్గితే పోస్తే చాలు, మార్చక్కర్లేదన్న నమ్మకానికి మాత్రం రెండు వాక్యాలు కావాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది: ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే లైనులో ఆవిరి చేరి పెడల్ నేల దాకా పోతుంది కాబట్టి రెండేళ్ళకొకసారి పూర్తిగా మార్పించి ఎయిర్ తీయించాలి.

డిస్కులకు దాచిన డబ్బు మంచి ప్యాడ్ల మీద, కొత్త ఆయిల్ మీద, వెనక డ్రమ్ముల సర్వీసు మీద పెడితే సగం కూడా ఖర్చు కాదు. మారేడుమిల్లి వైపు అడవి దారుల్లో తిరిగొచ్చిన బండి డ్రమ్ము విప్పించి చూడాలి. షూల అంచుల్లో ఎండిన బురద, లైనర్ల మీద గాజులా మెరిసే పొర, తుప్పుపట్టి తిరగని స్టార్ వీల్ కనిపిస్తాయి. కంప్రెసర్ గాలితో ఊదనివ్వకూడదు, లైనర్ల దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కడిగించి, మెరుపు పోయేలా షూలను రుద్దించి, స్టార్ వీల్ తిరిగేలా చేసి, చక్రం తిప్పితే షూ సన్నగా రాసుకునేంత దాకా బిగించాలి. చాలా బండ్లలో పోయిందనుకున్న వెనక బ్రేకు, హ్యాండ్ బ్రేకు రెండూ ఈ ఒక్క పనితో తిరిగొస్తాయి.

లిఫ్ట్ చేయించినవాళ్ళు ఇంకొకటి చూడాలి. ఛాసిస్ కింద జాకీ పెట్టి, స్టాండ్లు వేసి, చక్రాలు గాల్లో వేలాడేలా వదిలి, స్టీరింగును రెండు చివర్లకూ తిప్పాలి. ప్రతి స్థితిలోనూ బ్రేక్ హోస్‌ను వేలితో కదిపితే ఊగాలి. బిగుసుకుపోయిందంటే పొడవు హోస్‌లు వేయించేదాకా ఆ బండిని గుంటల్లోకి దింపకూడదు. వెనక యాక్సిల్ దగ్గర లోడును బట్టి ఒత్తిడి మార్చే వాల్వు ఉంటే దాని కడ్డీ కూడా సరిచేయించాలి. లిఫ్ట్‌తో ఆ కడ్డీ స్థానం మారి, బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకు తగ్గించేస్తుంది. పనంతా అయ్యాక ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో గట్టిగా తొక్కి బండి తిన్నగా ఆగుతోందో లేదో చూసుకోవాలి, ఏటవాలులో హ్యాండ్ బ్రేకు ఒక్కదాని మీదే నిలిపి చూసుకోవాలి, ఆ తర్వాతే ఘాట్ రోడ్డు ఎక్కించాలి.