లేజరు వెలుగు – కాన్సరు కణం

వశిష్ఠ దాటితే వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలసి ఏ.టి.పి.ని కనుగొన్నారు. కణం చేసే ప్రతి పనికీ ఖర్చయ్యే రొక్కం అది. అందులో ఎక్కువ భాగం తయారయ్యే చోటు మైటోకాండ్రియా.

ఈ తయారీని వెలుగుతో మార్చవచ్చా? సమీప పరారుణ కిరణాలు, అంటే సుమారు 700 నుంచి 1100 నానోమీటర్లవి, చర్మం దాటి కొంత లోపలికి పోగలవు. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వాటిని పీల్చుకొంటుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తగుమాత్రంగా ఇస్తే ఏ.టి.పి. పెరుగుతుంది. మితిమీరితే, చురుకైన ఆక్సిజన్ రూపాలు పోగుపడి, మైటోకాండ్రియా పొర దెబ్బతిని, కణం చచ్చిపోతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. చేలో చల్లిన యూరియా వరికీ అందుతుంది, కలుపుకీ అందుతుంది. అలాగే తక్కువ మోతాదు వెలుగు కాన్సరు కణానికే బలమివ్వవచ్చు. కొన్ని ప్రయోగాల్లో అలా జరిగింది కూడా. కాన్సరు చికిత్స పొందేవారికి నోటిపూత రాకుండా ఈ వెలుగును నేడు వాడుతున్నారు. అది పుండుకు ఉపశమనమే గాని, గడ్డకు మందు కాదు.

కాబట్టి “లేజరు పెడితే కాన్సరు మాయం” అని ఎవరైనా అంటే, ఏ వెలుగు, ఎంత మోతాదు, ఏ కణంమీద పరీక్షించారు అని అడుగుదాం. పొలం అమ్మి వైద్యం చేయించుకొనేవాళ్ళున్న చోట, ఆ ప్రశ్న అడగడం సైన్సు చదివినవాళ్ళ బాధ్యత.